ముందు మీరు కానివ్వండి

శాసనసభ క్యాంటీన్, కిటికీ పక్క బల్ల

గడుగ్గాయ్‌కి,

క్షేమ సమాచారాలు అడగను. మొన్న పడవలో కళ్లారా చూశాను, నిక్షేపంలా ఉన్నావు. నీ దేశపు శాసనసభ్యులూ నా దేశపు శాసనసభ్యులూ ఒకే పడవెక్కి అఖాతంలోకి వెళ్లడం ఇదే మొదటిసారని పేపర్లన్నీ రాశాయి. అందులో సగం మంది రెయిలింగు పట్టుకుని వాంతులు చేసుకున్నారని మాత్రం ఎవరూ రాయలేదు. ఆ ఒక్క విషయంలో రెండు దేశాల మధ్య పూర్తి ఏకాభిప్రాయం కుదిరింది.

నవ్వులు పక్కన పెడదాం. సరిహద్దు గీత దగ్గర పడవ ఆపించి, నీళ్లు తేటగా ఉన్నచోట అందర్నీ కిందికి చూడమన్నావు చూడు, అది మంచి పని. నా పక్కన కూర్చున్న మా న్యాయశాఖ మంత్రి "ఇదేంటమ్మా, అడుగున పచ్చిక ఉందే!" అన్నాడు. సముద్రపు గడ్డి అంటే ఇన్నాళ్లూ ఒడ్డుకు కొట్టుకొచ్చే నాచు అనుకున్నాడట. రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పెరిగేది అందులోనేననీ, తాబేళ్లు మేసేది అదేననీ నువ్వు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాడు. ఆ పక్కనే ట్రాలర్లు అడుగు వలలు ఈడ్చుకుపోయిన చారలు కూడా చూశాడు. బోడిగుండు మీద కత్తిగాట్లలా ఉన్నాయవి.

కాబట్టి అనుకున్నట్టే చేద్దాం. ఆ గడ్డి ఉన్నంత మేరా అడుగు వలలు నిషేధం. నీ సభలోనూ నా సభలోనూ ఒకే బిల్లు, మాటకు మాట అదే. ఒక్క పక్కనే చేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. మా గస్తీ పడవ తరిమితే ట్రాలర్లు గీత దాటి మీ పక్క ఈడుస్తాయి. మీవాళ్లు తరిమితే ఇటొచ్చి ఈడుస్తాయి. ఇప్పుడు పెద్ద గాలుల కాలం కనక అవన్నీ రేవుల్లో కట్టేసి ఉన్నాయి. గాలులు తగ్గేలోపు రెండు చట్టాలూ రావాలి. ఇంకో ఏడాది ఈడ్చారంటే అక్కడ మిగిలేది బురదే.

ఫోన్ చేయకు. మన ఫోన్ కబుర్లు నాకంటే ముందు మా పార్టీ ఆఫీసుకు తెలుస్తున్నాయి. ఉత్తరం ఫెర్రీ టికెట్ల ఆవిడ చేతికివ్వు, నాకు చేరుతుంది. మీ అన్నయ్య కులాసా. పడవ ఇంజన్ల షెడ్డులో ఏదో విప్పి పరిచాడు, మళ్లీ బిగించడం రాక ఇంజను చేసినవాణ్ణి తిడుతున్నాడు.

నీ వదిన


మా ఇంటి మేడగది, వాన వెలిశాక

వదినా,

నిక్షేపంలా ఉన్నావంటే లావయ్యావనేగా నీ అర్థం? ఉండు, కలిసినప్పుడు నీ పని చెబుతాను.

బిల్లు గురించి మా మత్స్యశాఖ మంత్రిగారు పిలిపించారు. ఆయన గదిలో ఏసీ పనిచేయదు, కిటికీ తెరుచుకోదు, అయినా ఆయన కోటు విప్పరు. చెమట తుడుచుకుంటూ, "అంతా బానే ఉంది గానీ, వాళ్లు చెయ్యకుండా మనం చేసేస్తే వెర్రివెంగళప్పలం అవుతాం కదమ్మా?" అన్నారు.

"మా వదిన మాట తప్పే మనిషి కాదండీ," అన్నాను.

"మీ వదిన సంగతి సరే. వాళ్ల దేశం సంగతి?"

గంట వాదించాక ఒప్పుకున్నారు. ఆఖర్న ఒక వాక్యం చేర్చారు గానీ అది లాంఛనమే, దాని కోసం నువ్వు బుర్ర పాడుచేసుకోకు.

మంత్రిగారి మాట వింటే నాకు మా ఆయనా అన్నయ్యా గుర్తొచ్చారు. పడవ ఇంజను మీద వాళ్లిద్దరూ గొడవపడి రాకపోకలు మానేసినప్పుడు ఏమన్నారో మరిచిపోయావా? "ముందు వాళ్లు రావాలి" అని ఈయన, "ముందు వాళ్లే రావాలి" అని ఆయన. తప్పెవరిదో ఇద్దరూ మరిచిపోయారు గానీ, ఎవరు ముందు రావాలన్నది మాత్రం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకున్నారు. చివరికి పిల్లల్ని వెంటేసుకుని ఫెర్రీ ఎక్కి మీ గుమ్మంలోకి వచ్చింది నేను. ఆ రోజు తలుపు తీసి నువ్వు పెట్టిన మొహం నాకింకా గుర్తే. దేశాలు కూడా మనింటి మగాళ్ల లాంటివే వదినా.

నీ ఆడపడుచు


శాసనసభ వరండా, నిలబడే రాస్తున్నాను

గడుగ్గాయ్‌కి,

గెలిచాం! బిల్లు నెగ్గింది.

మా పార్టీ విప్‌ను అందరూ వెనకాల కొరడా అంటారు. వారం రోజులుగా ఆయన నన్ను వేపుకు తిన్నాడు. ట్రాలర్ల యజమానులు పార్టీ ఆఫీసులో కాపురం పెట్టారు, వాళ్లకి కాఫీలు అందించలేక ఆఫీసు కుర్రాడు సెలవు పెట్టాడు. "అమ్మా, హార్బరు నియోజకవర్గం మీది. ఈ చట్టం తెస్తే మీకే దెబ్బ," అన్నాడు కొరడా. "మా హార్బరులో చిన్న పడవల వాళ్లే ఎక్కువండీ. గడ్డి పోతే వాళ్ల వలలో పడేది మీ ఉపన్యాసాలే," అన్నాను. నవ్వాడు గానీ అది నచ్చి నవ్విన నవ్వు కాదు.

మావాళ్లు కూడా చివర్లో ఒక సవరణ పెట్టారు. పట్టించుకోవాల్సినంతది కాదు. ఇక నీ వంతు.

నీ వదిన


మా సభ మెట్లు

వదినా,

మాదీ నెగ్గింది! మంత్రిగారు కోటు విప్పారు. చరిత్రలో నిలిచిపోయేది ఈ రెండో సంగతే. రాత్రంతా మా రేవులో చిన్న పడవల వాళ్లు నన్ను ఇంటికి పోనివ్వలేదు. వచ్చే వారం గాలులు తగ్గుతాయంటున్నారు. తగ్గనీ, రమ్మను ట్రాలర్లని.

నీ ఆడపడుచు


హార్బరు గస్తీ ఆఫీసు, వాళ్ల కాగితం మీదే

ఏమే,

గాలులు తగ్గాయి. ట్రాలర్లు గడ్డిలో ఉన్నాయి.

పొద్దున్నే చిన్న పడవల వాళ్లు వచ్చి మా ఇంటి తలుపు బాదారు. మొహం కూడా కడుక్కోకుండా గస్తీ ఆఫీసుకు పరిగెత్తాను. గస్తీ పడవ రేవులోనే కట్టి ఉంది. అధికారి టీ తాగుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "చట్టం చేసి పెట్టాం కదయ్యా, కదలవేం?" అని అరిచాను.

"చట్టం వచ్చింది గానీ మేడమ్, అమల్లోకి రాలేదండి," అన్నాడు. నిదానంగా చివరి సెక్షను తీసి చూపించాడు.

నీ దగ్గర దాచిన సంగతి ఇదే, చదువుకో. "పొరుగు దేశపు చట్టం అమల్లోకి వచ్చిన రోజు నుంచీ, అది అమల్లో ఉన్నంత కాలమూ, ఈ చట్టం అమల్లో ఉంటుంది." ఈ వాక్యం ఒప్పుకుంటేనే ఓట్లన్నాడు కొరడా. మీది ఎలాగూ వస్తుంది, దాని వెనకే మాదీ వస్తుంది అనుకుని ఒప్పుకున్నాను. నీకు చెబితే పిరికిదానివంటావని చెప్పలేదు.

మరి మీది నెగ్గి ఇన్నాళ్లయింది కదా, ఎందుకు అమల్లోకి రాలేదు? మీవాళ్లు ఏం చేస్తున్నారు? వెంటనే రాయి.

వదిన


మా ఇంటి మేడగది, తలుపు వేసుకుని

వదినా,

ఏం రాయమంటావు? మా చట్టంలో చివరి వాక్యం ఇదీ: "పొరుగు దేశపు చట్టం అమల్లోకి వచ్చిన రోజు నుంచీ, అది అమల్లో ఉన్నంత కాలమూ." మాటకు మాట అదే. మాటకు మాట అదే ఉండాలని కోరుకున్నది నువ్వే కదా, తీరింది కోరిక.

నేనూ నీలాగే అనుకున్నాను. మీది వచ్చేస్తుంది, దాని వెనక మాది నడుస్తుంది అని. నేనూ నీలాగే దాచాను. ఇప్పుడు మీ చట్టం మా చట్టం కోసం చూస్తోంది, మా చట్టం మీ చట్టం కోసం చూస్తోంది. ముందు మీరు కానివ్వండి, అబ్బే, ముందు మీరే కానివ్వండి అనుకుంటూ రెండు చట్టాలూ గుమ్మంలో నిలబడి మర్యాదలు చేసుకుంటున్నాయి. లోపల ఇల్లు దోచుకుపోతున్నారు.

మొన్నటిదాకా నన్ను భుజాల మీద ఎత్తుకున్నవాళ్లు ఇవాళ రేవులో నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఆ మొహాలు నేను భరించలేను. ముందు మీరు ఆ వాక్యం తీసేయండి. నాకు తెలుసు, నువ్వు తలచుకుంటే అవుతుంది.

నీ ఆడపడుచు


శాసనసభ క్యాంటీన్, అదే బల్ల

గడుగ్గాయ్‌కి,

మేమెందుకు తీసేయాలి ముందు? మీరు తీసేయండి. నీ మంత్రిగారి కోటుకున్నపాటి పరువు మా సభకు లేదా? నువ్వు మేడగదిలో తలుపేసుకుని ఏడుస్తుంటే ఇక్కడ నేనొక్కదాన్నే కొరడా దెబ్బలు తినాలా?

పై నాలుగు ముక్కలూ రాశాక టీ చల్లారిపోయింది. ఇంకో టీ చెప్పి, రాసింది మళ్లీ చదువుకున్నాను. అచ్చం మీ అన్నయ్యలా మాట్లాడుతున్నానని నాకే అర్థమైంది. చించి పారేద్దామనుకున్నాను గానీ, నువ్వు కూడా చదివి నవ్వాలని ఉంచేశాను.

తర్వాత రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ పని మనిద్దరం మొదటే చేయాల్సింది, ఎవరి గుట్టు వాళ్లు దాచుకోవడంలో పడి చేయలేదు. గడుగ్గాయ్, శ్రద్ధగా విను. రెండు వాక్యాలూ తీయక్కర్లేదు. ఒక్కటి చాలు. మా చివరి వాక్యం తీసేస్తే మా చట్టం ఎవరి కోసం చూడకుండా ఆ క్షణమే అమల్లోకి వస్తుంది. మాది వచ్చిందంటే మీ షరతు తీరినట్టే. మీ సభలో ఒక్కరు కూడా చెయ్యెత్తనక్కర్లేకుండా మీదీ వస్తుంది.

మరి ఆ ఒక్కటీ తీయించేదెవరు? మీ సభలో లెక్క నాకు తెలుసు, నువ్వు పెడితే ఓడిపోతుంది. మా సభలో ప్రతిపక్షం కలిసొస్తుంది, మా పార్టీలో తీరం వాళ్లు నలుగురు కలిసొస్తారు. కాబట్టి నేనే. కొరడాకు చెప్పాను. "పార్టీ మాట కాదని ఆ సవరణ పెడితే అదే మీకు పార్టీలో ఆఖరి రోజు. వచ్చే ఎన్నికల్లో టికెట్టు ఉండదు. పక్క దేశం ముందు మోకరిల్లిందని మీ హార్బరు గోడల మీద మేమే రాయిస్తాం," అన్నాడు.

"అక్షరాలు పెద్దవిగా రాయించండి, మా వాళ్లకు చత్వారం," అన్నాను.

వదిన


మా ఇంటి మేడగది

వదినా,

వద్దు. నీ మీద కోపంతో రాసిన ముక్క పట్టుకుని నువ్వు ఈ పని చేయకు. ఆ హార్బరు వీధుల్లో ఇరవై ఏళ్లు చెప్పులరిగేలా తిరిగితే వచ్చిన సీటు అది. మొదటిసారి ఓడిపోయినప్పుడు వంటింట్లో కింద కూర్చుని ఎంత ఏడ్చావో చూసినదాన్ని నేను. ఎన్నికలు అయ్యేదాకా ఆగు. సీటులో ఉంటే మళ్లీ ప్రయత్నించవచ్చు, సీటే లేకపోతే నీ మాట ఎవరు వింటారు?

ఇంకో మాట. నువ్వు దిగితే ఇక్కడ మావాళ్లు పండగ చేసుకుంటారు. వాళ్లే దిగొచ్చారు అని బల్లలు చరుస్తారు. ఆ చప్పుడు వింటూ నేను ఆ సభలో ఎలా కూర్చోవాలి?

అన్నయ్య ఏమంటున్నాడు? ఆయన మాటైనా విను.

నీ ఆడపడుచు


మా ఇల్లు, ఇంజన్ల షెడ్డు పక్క గది

గడుగ్గాయ్‌కి,

అయిపోయింది. పొద్దున సవరణ పెట్టాను.

మీ అన్నయ్య ఏమన్నాడని అడిగావు. ముందురోజు భోజనాల దగ్గర చెప్పాను. కంచంలోంచి తలెత్తకుండా, "ఆ గొడవప్పుడు నేనే ముందు వెళ్లి ఉంటే బావుండేది," అన్నాడు. ఇన్నేళ్లకు ఆ మనిషి నోట ఆ మాట వచ్చింది. నాకు ఇంకెవరి ధైర్యమూ అక్కర్లేకపోయింది.

సభలో నేను లేచేసరికి మైకు ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. నా పక్క సభ్యుడి మైకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది, ఆయన దగ్గు కూడా సభంతా వినిపించింది. సరేనని గొంతెత్తాను. హార్బరులో వేలంపాటల మధ్య పెరిగిన గొంతు కదా, దీనికి మైకెందుకు? "అధ్యక్షా, ముందు వాళ్లు, ముందు వాళ్లు అని కూర్చోవడానికి మనమేమైనా అలిగిన వియ్యపురాళ్లమా? గడ్డి మనది కూడా. మన గడ్డిని మనం కాపాడుకోవడానికి ఎవరి కోసమో ఎదురుచూడటం సిగ్గుచేటు. దీన్ని మోకరిల్లడం అంటారట. నేను నిలబడే మాట్లాడుతున్నాను, చూసుకోండి!" అన్నాను.

కొరడా లేచి మా పార్టీ వాళ్లందరినీ బయటికి నడవమన్నాడు. చాలామంది నడిచారు. తీరం వాళ్లు నలుగురూ కుర్చీలు పట్టుకుని కూర్చున్నారు. అందులో ముసలాయన రెండు చేతులతోనూ పట్టుకున్నాడు, లేవలేదు. సవరణ నెగ్గింది. నేను బయటికొచ్చేసరికి మా గస్తీ పడవ రేవు దాటింది. గీతకి అటుపక్క మీ పడవ కూడా బయల్దేరిందని చిన్న పడవల వాళ్లు కేకలు పెట్టారు. ట్రాలర్లు వలలు ఎత్తుకుని పరుగో పరుగు. ఈసారి గీత దాటినా వాటికి చోటు లేదు.

సాయంత్రానికి నన్ను పార్టీలోంచి తీసేశారు. సభలో స్తంభం వెనక కుర్చీకి మార్చారు. అక్కణ్ణుంచి సభాపతికి నేను కనబడను, మైకు ఊసే లేదు. ధైర్యంగానే ఉన్నాను గానీ, ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఏడుపొచ్చింది. నీ దగ్గర దాచడం మానేశాను కనక రాస్తున్నాను.

వదిన


మా సభ గ్రంథాలయం, ఎవరూ రాని మూల

వదినా,

నేను చెప్పినట్టే జరిగింది. మర్నాడు మంత్రిగారు సభలో లేచి, "మనం ఒక్క అంగుళం కదల్లేదు. వాళ్లే దిగొచ్చారు," అన్నారు. బల్లలు చరిచారు. నా పక్కావిడ కూడా చరిచింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా జన్మలో అంత సిగ్గుపడలేదు.

ఆ రాత్రే మీ కొరడా ప్రకటన చూశాను. ఎన్నికల తర్వాత మీ చట్టాన్నే రద్దు చేస్తారట. నాకు వెంటనే మా చివరి వాక్యం గుర్తొచ్చింది: అది అమల్లో ఉన్నంత కాలమే ఇదీ ఉంటుంది. మీది కూలితే మాదీ కూలుతుంది. నువ్వు సీటు పణంగా పెట్టి తెచ్చింది ఒక్క ఎన్నికతో రెండు ఒడ్లనా పోతుంది.

అందుకని నేనూ సవరణ పెట్టాను, మా వాక్యం తీసేయాలని. మా విప్ కళ్లెర్రజేశాడు. నేను మంత్రిగారి వైపు తిరిగాను. "మంత్రిగారు ఒక్క అంగుళం కదల్లేదన్నారు, సంతోషం. మరి మన దేశపు చట్టం బతకడమూ చావడమూ పక్క దేశం సభ చేతిలో పెట్టిన ఈ వాక్యం ఇంకా ఎందుకుంది? వాళ్లు రద్దు చేస్తే మనదీ రద్దవుతుందట. మన సముద్రాన్ని కాపాడుకోవడానికి మనకు వాళ్ల అనుమతి కావాలా? కావాలని మంత్రిగారిని చెప్పమనండి, కూర్చుంటాను," అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. అనుమతి కావాలని అంటే పరువు పోతుంది, వద్దని అంటే నాకు ఓటేయాలి. నిన్న చరిచిన బల్ల మీదే చెయ్యి ఆనించి, మెల్లగా ఆ చెయ్యి ఎత్తారు. ఆయన ఎత్తాక ఎత్తనివాడెవడు? నన్ను తీసేయడానికి కూడా వీల్లేదు, మంత్రిగారే నా పక్షం.

ఇక మా చట్టం తన కాళ్ల మీద తను నిలబడింది. మీ కొరడా మీది రద్దు చేసినా మా గడ్డి మాకుంటుంది. మళ్లీ మొలకెత్తేది మా పక్క నుంచైనా మీ పక్కకు పాకుతుంది. దానికి గీత తెలియదు కదా.

నీ ఆడపడుచు


సభలో స్తంభం వెనక కుర్చీ

గడుగ్గాయ్‌కి,

ఉత్తరం చదివి ఈ స్తంభం వెనకే కూర్చుని పకపకా నవ్వాను. సభాపతి ఎవరా నవ్వేది అని వెతికాడు, దొరకలేదు. తర్వాత కోపం వచ్చింది. ఓసి రాక్షసీ, మంత్రి నోరు మూయించే ఆ మాట నీకు ముందే తోచి ఉంటే నా టికెట్టు నాకు మిగిలేది కదే! తోచేది కాదులే. ఆయన అంత పొగరుగా బల్ల చరిస్తేనే కదా నీకు చిక్కాడు. నువ్వూ నేనూ లెక్క సరిపెట్టుకున్నట్టే. ఆ రోజు పిల్లల్ని వెంటేసుకుని నువ్వు మా గుమ్మంలోకి వచ్చావు, ఈసారి నేను ముందు నడిచాను.

నిన్న కొరడా వరండాలో ఆపాడు. "ఏం సాధించారమ్మా?" అన్నాడు. జాలిపడుతున్నట్టు మొహం పెట్టాడు. "రేపు నామినేషన్ వేస్తున్నానండీ. పార్టీ లేదు, జెండా లేదు. మీ ట్రాలర్ల వాళ్లలో ఎవర్నైనా నా మీద నిలబెట్టండి. సరదాగా ఉంటుంది," అన్నాను. ఓడిపోవచ్చు. ఓడిపోతే మళ్లీ వంటింట్లో కింద కూర్చుని ఏడుస్తాను, లేచి మళ్లీ వీధులు తిరుగుతాను. హార్బరు గోడల మీద నిజంగానే రాయించారు, నేను మోకరిల్లానని. చిన్న పడవల వాళ్లు దాని కింద తారుతో రాశారు: "మా వలలు చూడండి."

ఈ పూట చట్టం రద్దు గురించి మాట్లాడటానికి కొరడా లేస్తున్నాడు. సభాపతి ఆయన్నే చూస్తున్నాడు. నేను ఈ కలం మూసి లేస్తున్నాను. ఇక్కణ్ణుంచి నేను ఎవరికీ కనబడను. వినబడతాను.

నీ వదిన